వాలియంట్ చార్జర్ తొడుగు కోసం క్లాంగ్ దాకా

ఇపో స్టేషన్లో ఉదయం ఏడుంపావుకి, రాజధాని కెఎల్‌కి పోయే రైలెక్కాను. మావంటి పెద్దవాళ్ళకి టికెట్టు సగం ధరే, కాకపోతే గుర్తింపు కార్డు చూపించాలి. నా మొహం చూశాక కూడా కార్డు అడిగారు.

నా బండి వాలియంట్ చార్జర్ అనే కారు. ఆస్ట్రేలియాలో తయారైంది. రెండే తలుపులు, ముందు సగమంతా ఇంజనే. మా ఎస్టేటు దొర తన దేశం వెళ్ళిపోతూ అమ్మితే కొన్నాను. నేను తెలుగు బడిలో చదివింది రెండేళ్ళు. మిగతా చదువంతా ఆ బండితో వచ్చిన రిపేరు పుస్తకమే చెప్పింది. ఏ బోల్టు ఏ ఏడు మార్చానో ఇప్పటికీ చెప్పగలను. మరుపు అనేది నాకు లేదు.

మా గుడి శ్రీరామనవమి రథాన్ని ఏళ్ళ తరబడి ట్రాక్టరు లాగేది. అది మూలపడ్డాక నిరుడు ఆ గౌరవం నా బండికి దక్కింది. గంటకి నూట అరవై కిలోమీటర్లు పోగల బండి నాదస్వరం వాళ్ళ వెనకాల నడక వేగంతో సగం దారి పోయి, బుస్సుమని ఆవిరి కక్కి ఆగిపోయింది. సీతారాముల్ని జనం చేతులతో నెట్టుకెళ్ళారు. కమిటీ అధ్యక్షుడు సింహాచలం, నా సొంత బావమరిది, మైకు పట్టుకునే అన్నాడు: "పోనీ బావా, వచ్చే ఏడు మావోడి పికప్పు కడతాం లే."

మైకులో!

ఈ ఏడు పండక్కి పది రోజుల ముందు బండి నడిపి చూపించాలి, లేదంటే పికప్పే అని గడువు పెట్టారు. ఆ గడువుకి ఇంక వారమే ఉంది. రేడియేటరు కడిగించాను, నీళ్ళ పంపు మార్చాను. అయినా నెమ్మదిగా నడిపితే వేడెక్కుతోంది. చివరికి రిపేరు పుస్తకమే చెప్పింది. నడక వేగంలో ఎదురుగాలి ఉండదు కాబట్టి, ఫ్యాను చుట్టూ రేకు తొడుగు ఉంటేనే గాలి రేడియేటరులోంచి లాగుతుందట. నా బండిలో ఆ తొడుగే లేదు. దొర అది లేకుండానే నాకు అంటగట్టాడని తేల్చుకుని, తంజోంగ్ మాలిం స్టేషను దాకా ఆయన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

పక్క సీట్లో సైబర్‌జయలో కంప్యూటరు ఉద్యోగం చేసే విజయవాడ అబ్బాయి. నేను ఫోనులో మాట్లాడింది విని, "తాతగారూ, మీది శ్రీకాకుళమా?" అన్నాడు.

"మా తాత ఆ ఊరోడు. నాను ఈ దేశంలోనే, బాగన్ దాతోలో పుట్టినాను."

ఎక్కడికి పోతున్నానో చెప్పాను. "అంత పాత బండి అమ్మేసి కొత్తది కొనుక్కోవచ్చు కదండీ?" అన్నాడు.

"నీకు తాత ఉన్నాడేటి?"

"ఉన్నారండీ."

"అమ్మేసినావేటి?"

ఆ తరవాత కెఎల్ సెంట్రల్ దాకా అతను చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తియ్యలేదు.

పది లోపే దిగాను. స్టేషన్లోనే పొరల పరోటా లాంటి రోటీ చనాయ్, నురగ తేలే పాల టీ తే తారిక్. అక్కణ్ణుంచి కొమ్యూటర్ రైల్లో క్లాంగ్‌కి గంట పైనే పట్టింది. ఏసీ చల్లదనానికి తలకి తుండు చుట్టుకున్నాను. వెళ్ళేవారు తుండు తీసుకెళ్ళండి.

పాత కార్ల భాగాలమ్మే కొట్టు స్టేషనుకి దూరం, టాక్సీ చేసుకోవాలి. యజమాని లిమ్ దాదాపు నా వయసువాడు. చీనావాడైనా తమిళం మనవాళ్ళకంటే బాగా మాట్లాడతాడు. అల్యూమినియం రేడియేటరు చూపించాడు, కరెంటు ఫ్యాను చూపించాడు. బండి దేనితో పుట్టిందో అదే కావాలన్నాను. ఆ తొడుగు ఆస్ట్రేలియా నుంచి రావాలి, మూడు నెలలు పడుతుందన్నాడు. రాముడు మూడు నెలలు ఆగడన్నాను.

బండి ఎలా వేడెక్కుతోందని అడిగితే, నిరుటి ఫోటో చూపించాను. ఆవిరిలో నా బండి, వెనక పానకం పందిరి. లిమ్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేశాడు. బండిని కాదు, పందిరిని.

"అణ్ణే, ఈ గుండిగ కింద ఉన్నదేంటి?"

"కుదురు. గుండిగ అడుగు గుండ్రం కదా, దొర్లిపోకుండా."

"ఒక పక్క చదరం, ఒక పక్క గుండ్రం. కుదురుకి నాలుగు మూలలా బోల్టు కన్నాలెందుకు?"

నేను ఫోను మీదకి వంగాను.

"దీని మీద ఏదో రాసుంది. ఏంటది?"

చదివాను. "దాత: పైడయ్య."

"ఎవరు?"

"నేనే."

లిమ్ నా ముందు నవ్వలేదు. సామాను చూసొస్తానని వెనక గదిలోకి వెళ్ళి అక్కడ నవ్వాడు.

ముప్పై ఏళ్ళ కిందట బెల్టు మారుస్తుంటే చెయ్యి దూరక ఆ తొడుగు విప్పేశాను. ఆ వారమే గుడిలో గుండిగ దొర్లి పానకమంతా నేలపాలైంది. ఈ తొడుగే పట్టుకెళ్ళి కుదురుగా ఇచ్చాను. పసుపు రంగు వేసి, నామం దిద్ది, పేరు రాసింది కూడా నేనే. దొరకి ఇక్కడే క్షమాపణ చెప్పుకుంటున్నాను.

రెండున్నరకి కెఎల్ సెంట్రల్ పక్కనున్న బ్రిక్‌ఫీల్డ్స్ చేరి అరిటాకు భోజనానికి కూర్చున్నాను. సాంబారు బాగుంది, తినాలనిపించలేదు. పక్కనే పాత్రల కొట్టులో గుండిగకి సరిపోయే ఇనప కుదురు కొన్నాను. అక్కడ నిలబడే సింహాచలానికి ఫోను చేశాను.

"గుడి వంటింట్లో పానకం కుదురు తీసి పక్కన పెట్టు. అది నా బండిది."

"ఏటి బావా, దేవుడికి ఇచ్చినది మళ్ళీ తీసుకుంటావేటి?"

"నా ఇంటికి తీసుకుపోతన్నానేటి? దేవుడి రథం ముందరే ఉంటాది. ఎక్కడికి పోతాది?"



"మరి గుండిగో?"

"కుదురు కొన్నాను. తెస్తన్నాను."

"అయితే సరే లే. కానీ బావా, ఎందుకు తీస్తన్నామో జనానికి నువ్వే సెప్పాల." ఫోను పెట్టేస్తూ అన్నాడు: "మైకులో."

ఐదు గంటల రైలుకి తిరుగు ప్రయాణం, ఒళ్ళో కుదురు. క్లాంగ్ మంచి ఊరు. లిమ్ నిజాయితీపరుడు, నాకు ఒక్క మేకు కూడా అమ్మలేదు. పాత బండి భాగం కోసం వెళ్ళేవారు ముందు తమ గుడి వంటిల్లు చూసుకుని బయల్దేరడం మంచిది.

మైకులో చెప్పాల్సింది టికెట్టు వెనక రాయడం మొదలుపెట్టాను. దొర గురించి ఒక వాక్యం, పికప్పు గురించి రెండు. తాపా రోడ్ స్టేషను దాటేసరికి అన్నీ కొట్టేశాను. "తీసింది నేనే" అన్నది మిగిలింది.

తొడుగు మీది పేరు మాత్రం చెరపను. బానెట్టు కింద ఎవరు చదవొచ్చారు.