నేను అస్సీరియా రాజునైన రోజు

2009 జనవరి. మిషిగన్‌లో నోవైకి దగ్గర్లో ఒక హైస్కూల్లో తొమ్మిదో తరగతికి వరల్డ్ హిస్టరీ చెబుతున్నాను. అంతకుముందు తెనాలిలో ఐదేళ్ళు సోషల్ టీచర్ని. ఇక్కడికొచ్చాక మళ్ళీ పరీక్షలు రాసి, సర్టిఫికెట్ తెచ్చుకుని, అప్పటికి ఆరేళ్ళు. నాకో రోగం ఉంది. పాఠం చెబితే తృప్తి ఉండదు, ఆడించి చూపించాలి. దాన్ని ఇక్కడ సిమ్యులేషన్ అంటారు. అంటే పిల్లల్నే రాజులుగా, సైనికులుగా, రైతులుగా చేసి చరిత్రని క్లాసులో నడిపించడం. నా సిమ్యులేషన్లకి స్కూల్లో మంచి పేరు. ఆ పేరు చూసుకుని లోపల్లోపల మురిసిపోయేదాన్ని, దాచుకోవడం ఎందుకు.

ఆ వారం పాఠం అస్సీరియా. నది ఒడ్డున ఉన్న ఒక చిన్న రాజ్యం చుట్టుపక్కల దేశాలన్నిటినీ మింగి సామ్రాజ్యం ఎలా అయింది? బోర్డు మీద మూడు కారణాలు రాశాను. ఇనుప ఆయుధాలు. కోతల కాలమొస్తే ఇళ్ళకి పోకుండా ఏడాది పొడుగునా ఉండే సైన్యం. మూడోది, గెలిచిన ఊళ్ళలో జనాన్ని పట్టుకెళ్ళి ఎక్కడో దూరంగా పారెయ్యడం. సొంత ఊరు లేనివాడు తిరగబడడని ఆ రాజుల ధీమా.

నా క్లాసులో మార్యమ్ అని ఒక కొత్తమ్మాయి ఉండేది. ఇరాక్‌లోని మోసుల్ వాళ్ళది. అక్కణ్ణుంచి పారిపోయి, రెండేళ్ళు జోర్డాన్‌లో తలదాచుకుని, శరణార్థులుగా వచ్చారు. నవంబర్లో స్కూల్లో చేరింది. ఇంగ్లిష్ అర్థమవుతుంది గానీ నోరు విప్పదు. ముందు రోజు మ్యాప్ చూపిస్తూ, “అస్సీరియా రాజధాని మీ ఊరి పక్కనే కదా మార్యమ్?” అన్నాను. మొదటిసారి నవ్వింది. “నది దాటితే అదే మిస్,” అంది. ఇంకేం, నాకు ఏనుగెక్కినంత సంబరం. రేపటి ఆటలో ఈ పిల్ల తప్పకుండా ఉండాలనుకున్నాను. మోసుల్ నుంచి వాళ్ళు ఎందుకొచ్చారో, ఎలా వచ్చారో అడగాలని మాత్రం తోచలేదు.

మర్నాడు ఉదయం ఆట మొదలైంది. ఒక్కో బెంచీల వరుస ఒక్కో రాజ్యం. నేను రాజుని. అట్ట కిరీటం కూడా పెట్టుకున్నాను, సిగ్గులేకుండా. ఒక్కో వరుస దగ్గరికీ వెళ్ళి బల్ల మీద కొట్టి, “మీరు ఓడిపోయారు. బ్యాగులు తీసుకోండి. నడవండి. ఎక్కడికని అడగొద్దు,” అన్నాను. మొదటి వరుస కిటికీ దగ్గరికి, రెండోది వెనక్కి, మూడోది బోర్డు కిందికి. పిల్లలు ఒకటే నవ్వులు. నాలుగో వరుసకి గదిలో చోటు చాల్లేదు. “మీరు బయటికి,” అన్నాను. ఐదుగురు హాల్‌వేలోకి వెళ్ళారు. వాళ్ళలో మార్యమ్ ఉంది.

రెండు నిమిషాల తర్వాత లోపలికి రమ్మంటే నలుగురే వచ్చారు. బాత్రూమ్‌కి వెళ్ళి ఉంటుందిలే అనుకుని పాఠంలో పడ్డాను. పది నిమిషాలు దాటింది. ఆ వరుసలోనే స్నిగ్ధ అని మన తెలుగు పిల్ల ఉంది. బయట ఆంటీ అన్నా క్లాసులో పద్ధతిగా మిస్ అనే పిలుస్తుంది. ఆ రోజు లేచి నిలబడి తెలుగులోనే అనేసింది.

“ఆంటీ, మార్యమ్ వెళ్ళిపోయింది.”

“ఎక్కడికమ్మా?”

“తెలీదు. బ్యాగ్ హగ్ చేసుకుని ఆ లాస్ట్ డోర్‌కి వెళ్ళింది. నువ్వు చెప్పావు కదా ఆంటీ, అడగొద్దు అని. నేను అడగలా.”

ఆ పక్క తలుపు తీస్తే పార్కింగ్ లాట్, దాటితే రోడ్డు. బయట మోకాలి లోతు మంచు. పిల్లల కోట్లన్నీ లాకర్లలో ఉంటాయి. క్లాసుని వదిలి టీచర్ బయటికి వెళ్ళకూడదు, అది ఇక్కడి రూలు. గోడ మీది బటన్ నొక్కి ఆఫీసుకి చెబుతుంటే నా మాటలు నాకే అర్థం కాలేదు. పక్క గది టీచర్ వచ్చి క్లాసు చూసుకుంటాననగానే పరుగెత్తాను. కిరీటం తలమీదే ఉందని ఆఫీసు గుమ్మంలో ప్రిన్సిపాల్ నావైపు చూసినప్పుడు గాని తెలీలేదు.

కెమెరాలో చూశాం. కోటు లేకుండా ఒట్టి స్వెటర్ మీదే, తల వంచుకుని, తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. అప్పటికి అరగంట. ప్రిన్సిపాల్ పోలీసులకి చెప్పి, ఆ పిల్ల నాన్న పనిచేసే కిరాణా షాపుకి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆయన తిడతాడనుకున్నాను. ఏడుస్తాడనుకున్నాను. చాలా నెమ్మదిగా అడిగాడు.

“మేడమ్, మా అమ్మాయితో మీరు సరిగ్గా ఏమన్నారు?”

చెప్పాను. బ్యాగు తీసుకో, నడువు, ఎక్కడికని అడగొద్దు.

“మా చిన్నమ్మాయి స్కూల్‌కి వెళ్ళండి,” అన్నాడు. “మోసుల్లో వాళ్ళమ్మ రోజూ నేర్పేది. ఎవరైనా బ్యాగు తీసుకోమంటే ఎదురు చెప్పొద్దు, ఏడవొద్దు, ముందు పోయి చెల్లి చెయ్యి పట్టుకో అని.”

చెల్లెలు చదివే ఎలిమెంటరీ స్కూల్ అక్కడికి ఒక మైలు. ప్రిన్సిపాల్ కార్ నడుపుతోంది, నేను రోడ్డుకి రెండు పక్కలా మంచుకుప్పలు చూసుకుంటూ కూర్చున్నాను. నల్లగా ఏది కనిపించినా కార్ ఆపమనేదాన్ని. ఎంతమంది దేవుళ్ళకి మొక్కుకున్నానో లెక్కలేదు. ఆ పిల్లకేమైనా అయితే మళ్ళీ చాక్‌పీస్ పట్టుకోనని కూడా అనుకున్నాను.

అక్కడి ఆఫీసులో కుర్చీలో కూర్చుని ఉంది. ఆఫీసావిడ మాకు చెప్పాలని ఫోన్ చేస్తూనే ఉందట, మా లైన్ బిజీ. మార్యమ్ బూట్లు తడిసి ముద్దయ్యాయి, చేతులు ఎర్రగా కందిపోయాయి. పక్కన ఆరేళ్ళ చెల్లి. దానికి మాత్రం కోటు, టోపీ, గ్లవ్స్ అన్నీ తొడిగించి, జిప్పు మెడదాకా లాగి, చెయ్యి గట్టిగా పట్టుకుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

“మేము రెడీ మిస్,” అంది. “ఎక్కడికి వెళ్ళాలి?”

అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేశాను. “ఎక్కడికీ లేదమ్మా. అది ఆట. తప్పు నాది,” అన్నాను. చెల్లి బిత్తరపోయి చూస్తోంది.

తిరిగొస్తుంటే కార్‌లో వెనక సీట్లోంచి మార్యమ్ నెమ్మదిగా చెప్పింది. “ఆట అనే అనుకున్నాను మిస్. అందరూ నవ్వుతున్నారు కదా. కానీ మా వీధిలో కూడా, ఇళ్ళు వదిలి పొమ్మన్న మొదటిరోజు అందరూ నవ్వారు.”

సాయంత్రం వాళ్ళ నాన్న వస్తే చేతులు జోడించాను. ఆయన నా చేతులు కిందికి దించి, “పాఠం మానకండి. ఆట మానండి,” అని వెళ్ళిపోయాడు. ప్రిన్సిపాల్ నా ఫైల్లో పెట్టిన హెచ్చరిక కాగితం మీద మారుమాట లేకుండా సంతకం చేశాను. నా ఉద్యోగం పోలేదు గానీ చాలా రోజులు నిద్ర మాత్రం పోయింది.

రెండు వారాలకి యూనిట్ టెస్ట్ పెట్టాను. అస్సీరియా అంత పెద్ద సామ్రాజ్యంగా ఎదగడానికి కారణాలు రాయండి అన్నది ప్రశ్న. క్లాసు మొత్తం నేను బోర్డు మీద రాసినవే రాసింది, ఇనుము, సైన్యం, తరలింపు. మార్యమ్ ఆ మూడూ రాసి, కింద వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఇంకొకటి చేర్చింది. “జనం రాజు మాట విన్నారు. ఎందుకంటే ఆ జనం చేతుల్లో చిన్నపిల్లలు ఉన్నారు.”

పేపరు దిద్దే పెన్ను పక్కన పెట్టేశాను. అన్నేళ్ళూ నేను రాజు పక్కన నిలబడే ఆ పాఠం చెప్పాను. మరుసటి ఏడాది నుంచి బోర్డు మీద నాలుగు కారణాలు రాస్తున్నాను, దాన్నే మొదట రాస్తాను.