టెంటులో గ్లూకోజ్ నీళ్లు

తెలంగాణ కోసం మా అన్న మదీనాగూడ రోడ్డు పక్కన టెంటులో రిలే నిరాహార దీక్షకు కూర్చున్న రోజుల్లో, నేను హైటెక్ సిటీలోని ఒక ల్యాబ్‌లో కొవ్వు కణాలను పెంచుతుండేదాన్ని. కొన్నింటికి మామూలుగా గ్లూకోజ్ కలిపిన ద్రవం పోసేవాళ్లం, కొన్నింటికి మోతాదు మించి కలిపింది. తీపి ఎక్కువ దొరికితే కణానికి బలం వస్తుందనుకుంటాం. వచ్చేది కాదు. ముందు కొవ్వు పోగేసుకునేది. తర్వాత లోపల శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఆ భారం మోయలేక, కణానికి హాని చేసే వ్యర్థాలను వదిలేవి. చుట్టూ అంత గ్లూకోజ్ ఉన్నా కణం నీరసించిపోయేది.

అన్న క్యాబ్ డ్రైవర్. షుగర్ ఉంది. మిగతావాళ్లు ఒకరోజు కూర్చుని మర్నాడు వేరేవాళ్లకు చోటిచ్చేవాళ్లు. మావాడు లేస్తేగా! రాత్రికి ఇంత తిని, తెల్లారగానే మళ్లీ టెంటులో ప్రత్యక్షం. ఖాళీ కడుపున గోలీ వేసుకుంటే కళ్లు తిరుగుతాయని మందు పూర్తిగా మానేశాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

దీక్షలో అన్నం ముట్టకూడదు, గ్లూకోజ్ నీళ్లకు మాత్రం అడ్డులేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు దండ వేసి, గ్లాసు చేతిలో పెట్టేవాళ్లు. నోరెండుతోందంటే ఇంకో గ్లాసు, కళ్లు మసకలంటే ఇంకో గ్లాసు. అంతా ఉపవాసం నీరసమే అనుకున్నారు. ప్రేమతో పోసినవాళ్ల మీద ఏమని కోప్పడను? కోపమైతే ఇప్పటికీ ఉంది.

ఒక బంద్ రోజు, కణాలకు ద్రవం మార్చాలని కొండాపూర్ నుంచి నడిచి వెళ్తుంటే ఫోన్ వచ్చింది. అన్న టెంటులో పడిపోయాడట. కణాల సంగతి వదిలేసి దవాఖానకు పరుగెత్తాను. షుగర్ చూసే మీటరు అంకె కూడా చూపలేదు, మరీ ఎక్కువని మాత్రం చూపింది. అన్నను మోసుకొచ్చిన దోస్తు బిత్తరపోయాడు.

"పొద్దటిసంది మెతుకు ముట్టలే గద చెల్లె! షుగర్ యాడికెల్లొచ్చింది?"

అతని జేబులోంచి గ్లూకోజ్ ప్యాకెట్ తొంగిచూస్తోంది.

షుగర్ దిగాక కూడా అన్న ఎడమ కన్ను తేరుకోలేదు. డాక్టర్ చూద్దామన్నారే తప్ప ధైర్యం చెప్పలేదు. ఆయన వెళ్లాక అన్న నా వైపు తిరిగాడు.

"నీ ల్యాబుల కణాలకు మల్ల మామూలు నీళ్లు వోస్తే మంచిగైతయా?"

అబద్ధం చెప్పాలనిపించింది. కుదరలేదు.

"కొన్నయితయన్నా. కొన్ని గావు."

అన్న దిండు కింద నుంచి బండి తాళం తీశాడు.

"ఆఫీసుల ఆడపిల్లలు ఎక్కుతరు బండిల. కన్ను సక్కగ కనవడేదాంక ఇది నీ దగ్గర్నే పెట్టుకో. నేనడిగినా ఇయ్యకు."

నా మొండి అన్న ఎవరూ చెప్పకుండానే తనంతట తాను ఒకటి వదులుకోవడం అదే మొదటిసారి. అక్కడే ఏడ్చేశాను. తాళం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అన్న ఒక్కసారి కూడా అడగలేదు.