నేనూ, నాలుగు గిన్నెల ప్రథమ బహుమతీ

ఆ రోజుల్లో మా జిల్లాలో సైకిలంటే నేను, నేనంటే సైకిలు. నేను బెల్లు కొడితే ఎదురొచ్చే ఎడ్లబండి తనంతట తానే పక్కకు తప్పుకునేది. పోస్టుమేన్ సైకిలు దిగి మరీ నాకు దారి ఇచ్చేవాడు. పదో తరగతికి వచ్చేసరికే నేను జిల్లా చాంపియన్ని. (జిల్లా అన్నానా? తాలూకా అనుకోండి. ఈ వయసులో సరిహద్దులు కాస్త చెరిగిపోతుంటాయి.) నమ్మనివాళ్లు లూకన్‌లో మా అమ్మాయి ఇంటికొచ్చి వంటింటి ప్రెస్సు తెరిచి చూసుకోవచ్చు. ప్రెస్సంటే కంగారు పడకండి, ఈ ఐర్లండులో అలమరను అలాగే అంటారు. పై అరలో, ఇడ్లీ కుక్కరు వెనకాల, నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఉంటుంది. దాని మూత మీద చుక్కలు చుక్కలుగా 'ప్రథమ బహుమతి' అని చెక్కి ఉంటుంది. స్టీలు అబద్ధమాడదు. దాన్ని పట్టుకున్నవాడి సంగతి తర్వాత చెప్తాను.

ఈ గొడవంతా ఆ మూతతోనే మొదలైంది. మా మనవరాలు ఇక్కడి హైస్కూల్లో ట్రాన్సిషన్ ఇయర్ చదువుతోంది. మన పదో తరగతి లాంటి పరీక్ష అయ్యాక, ఆఖరి పెద్ద పరీక్షల చదువు మొదలుపెట్టేలోగా, పుస్తకాలు పక్కన పెట్టి నాటకాలాడుతూ, కేకులు కాలుస్తూ, లోకజ్ఞానం సంపాదించే ఏడాది అది. (మా రోజుల్లోనూ ఇలాంటి ఏడాది ఉండేది. దాన్ని ఫెయిలవడం అనేవాళ్లు.) ఏడాది చివర స్కూలు వాళ్లు వేసే న్యూస్‌లెటర్ కోసం పిల్లలంతా తలా ఒక పెద్దాయన్నో పెద్దావిడనో పట్టుకుని, 'మీ స్కూల్లో సంవత్సరాంతానికి ఏం చేసేవారు?' అని అడిగి రాసుకు రావాలట. మా పిల్లకు ఊరంతా వెతకవలసిన పని లేకపోయింది. నేను సోఫాలోనే ఉన్నాను.

క్యారియరు మూత నా ముఖం ముందు పెట్టి, "తాతయ్యా, దీని మీద వాట్ డజ్ ఇట్ సే?" అంది. పిల్లకు తెలుగు బాగా అర్థమవుతుంది గాని, నోరు తెరిస్తే ఐర్లండు యాసలో ఇంగ్లీషే వస్తుంది.

"ఫస్ట్ ప్రైజ్ అమ్మా. సైకిల్ రేసులో."

"సీరియస్‌లీ? మీకా?"

ఆ 'మీకా' అన్న మాట ఉంది చూశారూ, అది నన్ను పాడుచేసింది. "నాకా అంటావేంటి? జిల్లా మొత్తానికి నేనే చాంపియన్ని," అన్నాను.

"జిల్లా అంటే హౌ బిగ్?"

"ఎంతంటే... మీ ఐర్లండంత ఉంటుంది," అన్నాను. (ఉండదు. నాకూ తెలుసు.)

మా పిల్ల లెక్కల్లో గట్టిది. జిల్లా ఐర్లండంత అయినప్పుడు జిల్లా చాంపియన్ అంటే ఏమవుతాడు? పది రోజుల తర్వాత న్యూస్‌లెటర్ వచ్చింది. హర్లింగ్ అనే ఇక్కడి కర్రాబంతాట జట్టు సెమీఫైనల్లో కొద్దిలో ఓడిన వార్త, పిల్లలు ఆడిన సంగీత నాటకం ఫోటో, ఎవరూ వచ్చి తీసుకెళ్లని స్వెట్టర్ల గుట్ట ఫోటో, దాని పక్కనే నా ఫోటో. కింద 'మన మధ్య ఒక నేషనల్ చాంపియన్' అని శీర్షిక.

మా అమ్మాయి మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంది. కాగితం మీద ఏ మాట కనబడినా ఆధారం అడగడం ఆమె ఉద్యోగం. "నాన్నా, మీరు నేషనల్ చాంపియన్ ఎప్పుడయ్యారు? మొన్న పార్కులో అద్దె సైకిల్ ఎక్కండంటే దణ్ణం పెట్టి బెంచీ మీద కూర్చున్నారుగా!" అంది.

"చాంపియన్లు రిటైరయ్యాక అంతేనమ్మా," అన్నాను.

మందుల షాపులో ఆవిడ నన్ను చూసి, "ఫెయిర్ ప్లే టు యూ!" అంది. ఇక్కడ భేష్ అనడానికి వాడే మాట అది. నా చెవికి మాత్రం న్యాయంగా ఆడావయ్యా అన్నట్టే వినిపించి, బీపీ మాత్రలు అడగవలసినవాణ్ని దగ్గు మందు అడిగి ఇంటికొచ్చాను. ఆ వారంలోనే స్కూలు నుంచి కబురొచ్చింది. సంవత్సరాంతపు స్పోర్ట్స్ డే నాడు నా గౌరవార్థం సైకిల్ పందేలు పెడుతున్నారట. నేను ముఖ్య అతిథిగా వచ్చి పతకాలు ఇవ్వాలట.

ఇప్పుడు మీకు నిజం చెప్పక తప్పదు. స్కూలుకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. మీరైతే దూరంగా ఉన్నారు.

జిల్లా లేదు, తాలూకా లేదు. ఉన్నదల్లా మా హైస్కూలు వార్షికోత్సవం. దానికి ముఖ్య అతిథి మా సమితి ప్రెసిడెంటు గారు. రెండు సైకిల్ పందేలు. ఒకటి ఫాస్ట్ రేసు, దానికి ప్రైజు మీకు తెలిసిన ఆ క్యారియరు. రెండోది స్లో రేసు. అందులో కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆఖరున గీత దాటినవాడే విజేత, వాడికి ప్లాస్టిక్ సబ్బుపెట్టె. ప్రెసిడెంటు గారు చిన్నప్పుడు స్లో రేసు వీరుడట. అందుకని సరిగ్గా ఆయన వచ్చే వేళకు స్లో రేసు పెట్టి, అచ్చువేసిన కార్యక్రమం ముందే ఆయన ఇంటికి పంపించారు.

మా క్లాసులో ఒకడుండేవాడు. వాణ్ని అందరం గాలిపటం అనేవాళ్లం. సైకిలెక్కితే వాడి చొక్కా వెనక తోకలా లేచేది. ఫాస్ట్ రేసు వాడిదేనని అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. వాళ్ల నాన్న రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు, మధ్యాహ్నానికి అన్నం తువ్వాల్లో మూట కట్టుకుని వెళ్లేవాడు. "ఒరే, క్యారియర్ వస్తే మా నాన్న పప్పు వేరే, అన్నం వేరే పట్టుకెళ్తాడ్రా. ఇప్పుడు రెండూ కలిసిపోయి తినేవేళకే పాచిపోతోంది," అని వారం రోజులుగా అదే పాట. నేనూ పోటీకి పేరిచ్చాను. గెలవడానికి కాదు, పేరిచ్చినవాళ్లకు ఆ రోజు క్లాసు లేదు.

నాలుగు గంటలకు రావలసిన ప్రెసిడెంటు గారు ఐదున్నరైనా రాలేదు. చీకటి పడుతుందేమోనని మా డ్రిల్లు మేష్టారు (మేం ఈల మేష్టారు అనేవాళ్లం, భోజనం చేసేటప్పుడు తప్ప ఆయన నోట్లో ఈల ఉండేది) స్లో రేసు ఆయన కోసం ఆపి, ముందు ఫాస్ట్ రేసు వదిలేశారు. గాలిపటం ఈల మోగీ మోగకముందే గీత దాటేశాడు. మిగతావాళ్లూ దాటారు. నా సైకిలు చైను సగంలో ఊడింది. ఎక్కించాను. మళ్లీ ఊడింది. మళ్లీ ఎక్కించాను. గట్టిగా తొక్కితే మూడోసారి ఊడుతుందని భయపడి, మసి చేతులతో, ముక్కు మీద చెమటతో, పెళ్లిపీటల మీదికి నడిచొచ్చే పెళ్లికూతురిలా ఒక్కో పెడలు నొక్కుకుంటూ వస్తున్నాను. సరిగ్గా అప్పుడే జీపు వచ్చి ఆగింది.

ప్రెసిడెంటు గారు దిగారు. చేతిలో కార్యక్రమం ఉంది, అందులో ఈ వేళకు స్లో రేసు అని ఉంది. ఎదురుగా మైదానంలో ఒకే ఒక్కడు కాలు కింద పెట్టకుండా నత్తలా పాకుతున్నాడు.

"భేష్!" అని చప్పట్లు కొట్టేశారాయన. "చూశారా హెడ్మాస్టరు గారూ, ఏం నిగ్రహం! ఏం బేలన్సు! మా రోజుల్లో నేనిలాగే!"

హెడ్మాస్టరు గారు ఒక్క క్షణం నన్ను చూశారు, ఒక్క క్షణం జీపును చూశారు. స్కూలుకు రెండు కొత్త గదుల మంజూరు కాగితం ప్రెసిడెంటు గారి దగ్గరే ఉంది. "చిత్తం," అన్నారు. ఈల మేష్టారు ఏదో చెప్పబోయారు గాని, హెడ్మాస్టరు గారు ఆయన కాలు తొక్కారు. లోపలి మాట బయటికి రాక ఈలలోంచి కుయ్‌మని పిచ్చుక కూత వచ్చింది. ప్రెసిడెంటు గారు బల్ల దగ్గరికెళ్లి, అంతటి నిగ్రహానికి సబ్బుపెట్టె చాలదనుకున్నారేమో, అన్నిటికంటే పెద్దదాన్ని తీసి నా మసి చేతుల్లో పెట్టారు. ఆయనకు తెచ్చిన దండే నా మెళ్లో వేశారు. ఫాస్ట్ రేసు గెలిచిన గాలిపటానికి మిగిలిన సబ్బుపెట్టె ఇచ్చారు.

నేనేమన్నాను? 'అయ్యా, నేను ఆఖరున వచ్చినవాణ్ని' అనడానికి ఎంతసేపు పడుతుంది? మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లూ నేను ఫోటోగ్రాఫరు ఎక్కడున్నాడా అని వెతుక్కున్నాను.

గేటు దగ్గర గాలిపటం నన్ను ఆపి ఒక్క మాటే అన్నాడు. "మీ అమ్మకు చూపించరా, సంతోషిస్తుంది." సబ్బుపెట్టె జేబులో పట్టక చొక్కాలో దోపుకుని, సైకిలు నడిపించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ పూట వాడు ఎక్కలేదు. రేపు ఇచ్చేద్దామనుకున్నాను. రేపటికి మా అమ్మ అందులో పులిహోర పెట్టి మా మేనత్తకు పంపించింది. ఎల్లుండి ఇద్దామనుకున్నాను. ఆ తర్వాత సెలవులిచ్చారు. సెలవుల్లో మిల్లు మూతపడి వాళ్లు ఎక్కడికో వెళ్లిపోయారు.

ఇంత సరంజామా మనసులో పెట్టుకుని నేను సూటు వేసుకుని స్పోర్ట్స్ డేకి బయల్దేరాను. వస్తుందని స్టాపులోని బోర్డు మీద కనిపించిన బస్సు బోర్డు మీదే మాయమైంది. రెండోదీ అంతే. మూడోది ఎక్కి స్కూలు చేరేసరికి ముప్పావు గంట ఆలస్యం, వానకు సూటు తడిసి ముద్ద. కార్యక్రమం కాగితం నా చేతిలోనే ఉంది. అందులో ఆ వేళకు స్లో రేసు అని ఉంది. మైదానంలో పిల్లలంతా గీత దాటి నిలబడి ఉన్నారు. ముక్కు నిండా మచ్చలున్న ఒక పొడుగాటి అమ్మాయి మాత్రం కాలు కింద పెట్టకుండా, పెదవి కొరుక్కుంటూ, నత్తలా పాకుతోంది.

నా నోట్లోంచి, దేవుడి మీద ఒట్టు, "భేష్!" అని వచ్చింది. బల్ల మీది పతకాల్లో పెద్దది తీసి, సూటు నీళ్లు కారుస్తూ పరుగెత్తి, ఆ అమ్మాయి మెళ్లో వేసి, "వాట్ బేలన్స్! వాట్ కంట్రోల్!" అన్నాను.

 

"నో, నో!" అంది ఆ అమ్మాయి నవ్వేస్తూ. "ఐ కేమ్ లాస్ట్! ఇట్స్ ది ఫాస్ట్ రేస్. మై టైర్ ఈజ్ ఫ్లాట్!"

అంటూనే పతకం తీసి, పక్కనే ఉన్న, అసలు గెలిచిన పొట్టి పిల్లాడి మెళ్లో వేసి, వాడి వీపు మీద ఒక్కటి చరిచింది. వాన వల్ల పందేల వరస మార్చారట. మా మనవరాలు గట్టిగా, అందరికీ వినబడేలా, "తాతయ్యా, యు గేవ్ ఇట్ టు ది రాంగ్ వన్!" అంది. ఎవరూ ఎవరి కాలూ తొక్కలేదు. ఆ క్లాసు టీచరమ్మ నా భుజం తట్టి, "యు ఆర్ గ్రాండ్, నో బాదర్," అంది, అంటే ఏం ఫర్వాలేదని. స్కూలు కూలిపోలేదు, గదుల మంజూరు ఆగలేదు.

నాకు ఏమైందో తెలియదు. మైకు చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. జిల్లా కాదనీ, ఐర్లండంత అసలే కాదనీ, చైను ఊడిందనీ, ఆఖరున వచ్చాననీ, క్యారియరు ఇంకొకడిదనీ వరసగా చెప్పేశాను. ఈ దేశంలో గొప్పవాళ్లంతా తమను తాము తగ్గించుకుని మాట్లాడతారు కాబట్టి, ఇదీ అదే కోవ అనుకున్నారు. ఎంత అణకువ అని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. మా మనవరాలు ఒక్కతే కొట్టలేదు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సులో అడిగింది. "తాతయ్యా, డిడ్ యు గివ్ ఇట్ బ్యాక్?"

"లేదమ్మా."

"ఇన్ని ఇయర్స్‌లో?"

"లేదు."

 అది తన చాక్లెట్లో సగం తుంచి నాకిచ్చింది. క్షమించిందో, జాలిపడిందో అడగలేదు. తీసుకున్నాను. (తీసుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటే.)

స్కూలు మూసే ముందు వచ్చిన ఆఖరి న్యూస్‌లెటర్లో, స్వెట్టర్లు ఇంకా అలాగే ఉన్నాయన్న వార్త కింద, మా పిల్ల పట్టుబట్టి వేయించిన నాలుగు లైన్ల సవరణ ఉంది. 'మా తాతయ్య నేషనల్ చాంపియన్ కారు. ఆయన ఆఖరున వచ్చారు. అసలు గెలిచింది ఆయన స్నేహితుడు.' మా అమ్మాయి చదివి, "హమ్మయ్య, ఇప్పుడు రికార్డు సరిగ్గా ఉంది," అని దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది. క్యారియరు మాత్రం ఇడ్లీ కుక్కరు వెనక నుంచి తీసి నేనే ముందుకు పెట్టాను, తలుపు తీయగానే కనబడేలా. గాలిపటం ఎక్కడున్నాడో ఇప్పుడు ఫోన్లలో వెతికిస్తున్నాను. దొరికితే నాలుగు గిన్నెలూ తోమి పంపిస్తాను, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో అన్నం విడివిడిగా పెట్టి.

మచ్చల ముక్కు అమ్మాయికి ఆ ముక్క చెప్పడానికి మూడు సెకన్లు పట్టింది. అదే ముక్క చెప్పడానికి నాకు యాభై ఏళ్ల పైచిలుకు పట్టింది. స్లో రేసులో నన్ను మించినవాడు పుట్టలేదని ఇప్పుడైనా ఒప్పుకుంటారా?