పట్టీ కింద బురద

అలియాబాద్‌ల మా పొలం బాట కింద వాన నీళ్లు పోయేతందుకు మొన్న ముడతల రేకు పైపులు వేయించినం. రెండు పైపులు కలిసేకాడ చుట్టూ రేకు పట్టీ వేసి బోల్టులు బిగించాలె. ముందు ముడతల్లో బురద కడగాలని కూలికి వచ్చిన యాదయ్య అంటే, ఇంజినీరింగ్ చదివిన నేను "ఏం కాదు, జల్దీ బిగించు, వానొస్తాంది" అన్న.

ఈ రోజు పొద్దున చూస్తే ఆ అతుకులోంచి నీళ్లు కారి, మట్టి కొట్టుకుపోయి, బాట కుంగింది. నాయిన అందరి ముందర యాదయ్య మీద ఎగిరిండు.

"గిన్నేండ్ల సంది చేస్తున్నవ్, పట్టీ బిగించుడు రాదా? ఇది సరిజేసి పో, రేపటి సంది రాకు!"

యాదయ్య నా దిక్కు ఒక్కసారి చూసి, "నాదే తప్పు పటేలా" అన్నడు. నేను ఫోన్ చూసుకుంట నిలబడ్డ.

తవ్వి పట్టీ విప్పితే ముడతల నిండా బురదే. సిగ్గుతో బ్రష్ పట్టుకొని నేనే కడిగిన. "ఇగ బిగియ్యాల్నా అమ్మా, ఇంకా జల్దీ ఉందా?" అని యాదయ్య మెల్లగ అడిగిండు. నాయినేమో "నా బిడ్డ జూడున్రి, బురదల దిగి పని జేస్తాంది" అని మురిసిండు.

యాదయ్య రేపు పనికి రావాలంటే నేను ఇవ్వాళే నిజం చెప్పాలె. మీరైతే మొదటి మాట ఏమంటరు? జల్దీ చెప్పున్రి, నాయిన అన్నానికి కూసుంటున్నడు.