గడువు దాటిన వీడియో గేమ్

మా మేనమామ హైదరాబాదులో ఒక టీవీల దుకాణంలో పనిచేసేవాడు. నేను మిద్దె మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్న ఏడాది, కర్నూలు దవాఖానలో ఆపరేషన్ చేయించుకుని ఇంటికొచ్చాక, ఆయన గద్వాలకు ఒక అట్టపెట్టె పట్టుకుని వచ్చాడు. అందులో టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేమ్ ఉంది. దసరా బోనస్ మొత్తం దాని మీదే పెట్టాడని అమ్మ కోప్పడింది. "పోరి నెలల తరబడి మంచంల పండుకోవాలె గదక్కా, ఏం జేస్తది మరి?" అన్నాడు మామ.

మాది నేతపని ఇల్లు. ముందు గదంతా మగ్గమే. వెనక గదిలో నా మంచం, దాని ఎదురుగా చిన్న కలర్ టీవీ. బళ్లో నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడని పిల్లను. అలాంటిది ఆ పెట్టె వచ్చిన వారానికే వీధిలోని పిల్లలంతా నా మంచం చుట్టూ చేరారు. ఎవరు ముందు ఆడాలో, ఎవరు తర్వాత ఆడాలో నేనే చెప్పేదాన్ని. ఆట నాకు ఎంత నచ్చిందో ఇప్పుడు గుర్తు లేదు గానీ, ఆ గుంపు మాత్రం చాలా నచ్చింది. మగ్గం మీద కూర్చున్న నాయనకు మా అరుపులు విసుగు తెప్పించలేదు. "మోగనియ్" అనేవాడు అమ్మతో.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని కొన్నాళ్లు, కర్ర లేకుండా కొన్నాళ్లు నడిచి, మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. కొంచెం కుంటేదాన్ని, అంతే. సాయంత్రాలు మాత్రం పిల్లలు ఇంకా వచ్చేవారు. అప్పుడు చెడిపోయింది అది. ఆడుతుండగా బొమ్మ ముక్కలు ముక్కలుగా చెదిరి, పెట్టె తనంతట తానే ఆగిపోయేది. చల్లారాక పెడితే కాసేపు వచ్చేది. చివరికి అదీ పోయింది. పెట్టె మీది దీపం ఒకటి మినుకుమినుకుమనేది, అంతకుమించి ఏమీ లేదు.

నాయన దాన్ని టీవీ మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "నేను ఇప్పితే కంపెనోళ్లు మల్ల దీన్ని ముట్టరన్నా. ముందు ఆళ్లకే ఫోన్ చెయ్," అని తిరిగిచ్చేశాడు. మామకు ఫోన్ చేస్తే, వారంటీ అయిపోయి కొద్ది రోజులే అయిందనీ, కంపెనీవాళ్ల నంబరుకే ఫోన్ చేసి చెప్పుకోవాలనీ అన్నాడు. పిల్లలు రెండు మూడు సాయంత్రాలు వచ్చి తొంగిచూసి పోయారు. తర్వాత రాలేదు. నేను గడప మీద ఒక్కదాన్నే కూర్చుని ఉండటం నాయన మగ్గం మీద నుంచి చూసేవాడు.

మా ఇంట్లో ఫోన్ లేదు. నాయన చీరలు ఇచ్చే సేటు దుకాణంలో ఉంది. ఒక పొద్దున నాయన బిల్లు జేబులో పెట్టుకుని, ఆ పెట్టెకు ఏమైందో అడిగితే చెప్పడానికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. దుకాణంలో పెళ్లి చీరల కోసం వచ్చిన ఆడవాళ్లు పరుపుల మీద కూర్చుని ఉన్నారు. నాయన నంబరు కలిపాడు. అవతల నుంచి పాట మొదలై ఎంతకీ ఆగలేదు. రిసీవర్ చెవికి పెట్టుకుని నిలబడ్డ నాయనను చూసి సేటు జాలిపడ్డాడు. "ఎంతసేపు వట్టుకుంటవు? కింద పెట్టు, స్పీకర్ల వేస్త," అని మీట నొక్కాడు. ఆ పాట దుకాణమంతా వినిపించింది.

కాసేపటికి ఒకామె హిందీలో పలికింది. నాయన చీరల మూటతో రాయచూరు, హైదరాబాదు తిరిగి నేర్చుకున్న హిందీలో మొదలుపెట్టాడు. మధ్యలోనే ఆమె, "తెలుగులో చెప్పండి సార్, నాకు వచ్చు," అంది. నాయన ముఖం విచ్చుకుంది.

"అమ్మా, మీ మిషన్ ఖరాబైంది. మేం కింద పడెయ్యలే, నీళ్లు పొయ్యలే. ఊకెనే ఆగిపోయింది."

ఆమె బిల్లు మీది తేదీ అడిగింది. "వారంటీ అయిపోయిందండి. రిపేరు ఖర్చు మీరే పెట్టుకోవాలి," అంది.

"ఖర్చు ముచ్చట కాదమ్మా. మేం చీరెలు నేస్తం. అంచు కలిపినకాడ ఊడిందనుకో, ఎప్పుడు కొన్నవని అడగం. తప్పు మా నేతల ఉంటే వాపస్ తీస్కొని మల్ల నేసిస్తం. మీది గూడ గంతే గద?"

"మీరు చెప్పేది నాకు అర్థమైందండి. కానీ రూల్ ప్రకారం నేను ఏం చేయలేను."

ఆ నేత మాట నాయన ఎంతో ఆలోచించి తెచ్చుకున్నాడని నాకు తెలుసు. దారిలో రెండుసార్లు నాకు చెప్పి చూసుకున్నాడు. అది పనిచేయలేదు. నాయన తడబడ్డాడు. ఫోన్ మీదికి వంగి, గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మా, నా బిడ్డ నడవలేదు. మంచంలనే ఉంటది. దానికి ఆ ఆట తప్ప ఇంకేం లేదు. జర దయజూడుండ్రి."

గొంతు తగ్గించినా స్పీకర్ ముందు అన్న మాట దుకాణంలో అందరికీ వినబడింది. చీరలు చూస్తున్న ఆడవాళ్లు నా వైపు తిరిగారు. నేను నాయన పక్కనే నిలబడి ఉన్నాను. సేటు నా కాళ్ల వంక చూశాడు. తలుపు దగ్గరికి పోదామనుకున్నాను. పోవాలంటే నడవాలి. నడిస్తే నాయన అన్న మాట అబద్ధమని అందరూ చూస్తారు. అందుకని కదలకుండా నిలబడిపోయాను.

ఫోన్‌లో ఆమె గొంతు మారిపోయింది. "అయ్యో, పాప మీ దగ్గరే ఉందా? ఒకసారి ఇవ్వండి."

నాయన నా వంక చూశాడు. ఆ చూపులో బతిమాలడం ఉందని నాకు అప్పుడే తెలిసింది. నేను ఫోన్ దగ్గరికి ఒక్క అడుగు వేశాను.

"ఎలా ఉన్నావమ్మా? అసలు లేవలేకపోతున్నావా?" అంది ఆమె. ఎవరూ నాతో అంత మెత్తగా మాట్లాడిన గుర్తు లేదు. ఆ మెత్తదనాన్నే తట్టుకోలేకపోయాను.

"నడుస్తున్నక్కా," అన్నాను. "బడికి గూడ పోతున్న."

పరుపు మీద ఒకావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోన్‌లో ఆమె, "మంచిదమ్మా. బాగా చదువుకో," అంది. ఆ గొంతులో కోపం లేదు. నాయనతో మాత్రం మళ్లీ మొదటి గొంతుతోనే, "ఈ కంప్లయింటు చాలా చోట్ల నుంచి వస్తోందండి. రాసుకుంటున్నాను. పైవాళ్లు ఏదైనా నిర్ణయిస్తే ఈ నంబరుకు చేస్తాం," అని పెట్టేసింది.

ఇంటికి పోయేదాకా నాయన నన్ను ఏమీ అనలేదు. ముందు నడిచాడు. నేను వెనక నడిచాను. తిట్టి ఉంటే బాగుండేది. అబద్ధం ఆడింది నాయన అయితే, ఆయనను పదిమందిలో అబద్ధాలకోరును చేసింది నేను. ఇద్దరిలో ఎవరిని చూసి నేను సిగ్గుపడుతున్నానో నాకే తెలియలేదు.

మాట వీధిలోకి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. బోరింగు దగ్గర ఒకామె అమ్మతో, "ఏందమ్మా, బిడ్డను కుంటిదాన్ని చేసి మిషన్ బాగు చేయించుకుంటున్నరంట?" అంది నవ్వుతూ. అమ్మ సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది. ఆ రోజు నాయనతో మాట్లాడలేదు. బడికి పోవాలంటే నాకు సేటు దుకాణం మీదుగానే దారి. అక్కడికి రాగానే ఎట్లా నడవాలో తెలిసేది కాదు. కుంటితే నాటకం అనుకుంటారు. కుంటకుండా నడిస్తే చూడు, ఎంత బాగా నడుస్తుందో అనుకుంటారు. కొన్నాళ్లు చుట్టూ తిరిగి వేరే సందులోంచి పోయాను.

పత్తి ఏరే కాలంలో సేటు మనిషిని పంపి నాయనను పిలిపించాడు. కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆ రకం మిషన్లలో తయారీలోనే లోపం ఉందట. వారంటీ దాటినా సరే, ఆ లోపం ఉన్నవన్నీ ఊరికే బాగుచేసి ఇస్తారట. హైదరాబాదు సర్వీసు సెంటరుకు తీసుకురమ్మన్నారు. నాయన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పి, గోడకు ఒరిగి కూర్చున్నాడు. సంతోషపడతాడనుకున్నాను.

"అందరియీ చేస్తరంట," అన్నాడు మళ్లీ. "అడిగినోళ్లయి, అడగనోళ్లయి, అన్నీ."

నాయనా నేనూ కలిసి పొద్దుటి రైల్లో పోయాం. సర్వీసు సెంటరులో గోడ పక్కన అచ్చం మాదానిలాంటి పెట్టెలే ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. కౌంటరులో కుర్రవాడు బిల్లు చూసి, మా పెట్టె తీసుకుని, రసీదు ఇచ్చాడు. నాయన పోకుండా నిలబడ్డాడు.

"ఇంకేమన్న చెప్పాల్నా సార్?"

"ఏం అక్కర్లేదంకుల్. తయారైతే ఫోన్ చేస్తాం."

తిరుగు రైల్లో కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టాడు. ఊర్లు దాటిపోతున్నాయి. చాలాసేపటికి బయటికే చూస్తూ అన్నాడు: "నేత మాట చెప్తే ఆమె వింటదనుకున్న బిడ్డా. వినలే. ఇంక నోటికి గదే వచ్చింది."

"నేను ఏమీ అనకుంటే అయిపోతుండె నాయినా."

"నువ్వెందుకు ఊకుంటవు? నడుస్తున్నవు గద." మళ్లీ కిటికీ వైపు తిరిగి, "నడుస్తున్నవని నేనే అందరికి చెప్పుకోవాల్సింది," అన్నాడు.

పెట్టె బాగై వచ్చింది. మళ్లీ ఎప్పుడూ చెడిపోలేదు. పిల్లలూ వచ్చారు. కానీ వాళ్లలో ఒక పిల్ల ఆట మధ్యలో, "మీ నాయిన నిజంగనే గట్లన్నడా?" అని అడిగింది. అప్పటి నుంచి సాయంత్రాలు నాకు చదువుకునేది ఉందని చెప్పడం మొదలుపెట్టాను.

మరుసటేడు వనపర్తిలో చుట్టాల పెళ్లి. భోజనాల దగ్గర మామ మా నాయన భుజం మీద చెయ్యి వేసి అందరికీ చెప్పాడు: "మా బావను తక్కువ అనుకోకుండ్రి. వారంటీ అయిపోయినంక గూడ కంపెనోళ్లతోని ఊకెనే బాగు చేయించిండు. మేం దుకాణపోళ్లం, మాతోనే కాలే!" చుట్టాలు నవ్వి, ఏం మాట్లాడి ఒప్పించావో చెప్పమని నాయనను పట్టుకున్నారు. నాయన విస్తరి వైపు చూస్తూ అన్నం కలుపుతున్నాడు. ఒకాయన నన్ను అడిగాడు: "నువ్వు గూడ పక్కనే ఉన్నవంట గద, ఏమన్నడమ్మా మీ నాయిన?"

"నాకు తెల్వదు," అన్నాను. పప్పు గిన్నె కోసం లేచి, వంటల వైపు పోయాను.