మాడనిచ్చిన పెనం

మా పక్కింటి మామ పోయాడన్న కబురు మధ్యాహ్నం బెల్లం మార్కెట్లో, నేను తూకాలు రాసే కాటా దగ్గర నిలబడి ఉండగా నాకు అందింది. ఆ పొద్దునే మరో కబురు వచ్చింది. దాని సంగతి చివర చెబుతాను. మీలో చాలామంది ఆయన చేతి బెల్లం తిని ఉంటారు, ఆయన్ను ఎరగకపోవచ్చు. అందుకే ఈ నాలుగు మాటలు.

మామ బెల్లం వండేవాడు. చెరుకు కాలం వచ్చిందంటే కొండకర్ల వైపు నుంచి, చీడికాడ వైపు నుంచి రైతులు బళ్ళు కట్టుకొచ్చి ఆయన్ను తీసుకెళ్ళేవారు. పెనంలో రసం ఉడుకుతున్నంతసేపూ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఉన్నట్టుండి లేచి, తెడ్డు అంచున ఉన్న పాకం చుక్కను చన్నీళ్ళ చెంబులో వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేవాడు. ఆయన "దించండర్రా" అనేదాకా పెనం దిగేది కాదు. కాస్త ముందైతే బెల్లం జారిపోతుంది, కాస్త ఆలస్యమైతే మాడిపోతుంది. ఇంత చేసీ ఆయన బెల్లం నోట పెట్టేవాడు కాదు. "వాసనకే కడుపు నిండిపోద్దిరా" అనేవాడు.

చాలా ఏళ్ళ కిందట, అలా ఒక పెనం ముందు ఉండగానే ఆయన భార్యకు, మా అత్తకు, బాగా లేదని కబురు వెళ్ళింది. "పెనం దింపేసి వత్తానని సెప్పండి" అన్నాడట. అత్త మంచం పక్కన నేనున్నాను.

"వచ్చేడా?" అంది.

"వత్తన్నాడత్తా" అన్నాను.

మళ్ళీ అడిగింది. ఆ తరవాత అడగలేదు. మామ వచ్చేసరికి అత్త పోయింది. ఆయన చేతులకు ఇంకా పాకం అంటుకునే ఉంది. ఆ చేతులతో ఆమెను తాకడానికి జంకి గడపలోనే నిలబడిపోయాడు. ఆ పెనం బెల్లం మంచి రంగు తేలిందని తరవాత రైతు మెచ్చుకోబోతే, మామ అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయాడు.

మూడేళ్ళకు మా అమ్మ మంచం పట్టింది. బెల్లం దిమ్మల లెక్క రాసుకోవడానికి నేను చెరుకు గానుగ దగ్గరికి వెళ్ళి ఉన్నాను. పాకం దగ్గరపడుతుండగా అమ్మ పరిస్థితి చెయ్యి దాటిపోతోందని మనిషి వచ్చాడు. "ఈ పెనం దిగేక ఎల్తాను మావా" అన్నాను. మామ నా మొహంలోకి చూశాడు. చేతిలో తెడ్డు కింద పడేశాడు.

"నడు."

"పాకం, మావా!"

"మాడనీ. నడవరా ముందు!"

వెనక నుంచి రైతు కేకలు వేశాడు: "ఏటి మావా, మతి పోయిందేటి? నా కట్టమంతా బుగ్గి సేసేత్తావా?"

"సెరుకు మళ్ళీ పండుద్దిరా. ఆడి అమ్మ పండుద్దేటి?" అన్నాడు మామ, వెనక్కి తిరక్కుండానే.

నన్నొక్కణ్ణే పంపితే దారిలోంచి మళ్ళిపోతాననుకున్నాడో ఏమో, బండిలో నా పక్కనే కూర్చున్నాడు. అమ్మ సాయంత్రం దాకా ఉంది. నా చేత నీళ్ళు తాగింది. జుట్టు ఇంత పెరిగినా మంగలి దగ్గరికి వెళ్ళవేమని తిట్టింది. ఆ తిట్టు నాకు మామ పెట్టిన భిక్ష. మరుసటి ఏడాది చాలామంది రైతులు ఆయన్ను పిలవలేదు. ఆ మాట ఆయన ఎన్నడూ ఎత్తలేదు.

ఇక ఆ పొద్దుటి కబురు. మామ కోడలు మనిషిని పంపింది, మామ ఓసారి వచ్చి పొమ్మంటున్నాడని. మార్కెట్లో బళ్ళు వరసగా నిలిచి ఉన్నాయి. "తూకాలవగానే వత్తానని సెప్పు" అన్నాను. ఆ మాట అంతకు ముందు ఎక్కడ విన్నానో అప్పుడు గుర్తుకు రాలేదు.

ఆ రోజు తూకాల్లో ఒక్క తప్పూ దొర్లలేదు. ఇప్పుడు కాటా దగ్గర నిలబడితే మాడుతున్న పాకం వాసన వస్తోంది. మార్కెట్లో పొయ్యి ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఇంటి నిండా జనం. నా కోసం మళ్ళీ అడిగాడా అన్నాను.

"నేదన్నయ్యా" అంది కోడలు. "నువ్వు వత్తన్నావంటే సరేనని, ఆ పీటని మంచం దగ్గరికి లాగమన్నాడు."

మంచానికి ఆనుకుని పీట ఉంది. అంతమంది నిలబడే ఉన్నారు గాని, దాని మీద ఎవరూ కూర్చోలేదు.