హీటింగ్ డయల్, నాయనమ్మ పిండి

అక్టోబరులో మొదటిసారి హీటింగ్ వేసిన రోజున గదులను వెచ్చబరిచే రేడియేటర్ల మీద పేరుకున్న దుమ్ము కాలి, ఇల్లంతా మాడు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్‌లోని మా పాత ఇల్లూ, పదేళ్ల వయసులో నేను చేసిన వెధవ పనీ గుర్తొస్తాయి.

మా నాన్న సాఫ్ట్‌వేర్ మనిషి. హాల్లో గోడకున్న హీటింగ్ డయల్ అంటే ఆయనకు ఎంత గర్వమంటే, ఇంటికొచ్చిన అంకుల్స్‌కు టీ ఇవ్వకముందే దాన్ని తిప్పి చూపించి, "బయట మంచు పడనివ్వండి, మనింట్లో ఎప్పుడూ ఏప్రిలే" అనేవారు. మనిషి చలికాలాన్ని లొంగదీశాడని నేనూ గట్టిగా నమ్మాను, పైగా ఆ డయల్ నా చేతికి అందేది.

ఆ ఏడు గుంటూరు నుంచి నాయనమ్మ వచ్చింది. వారం తిరక్కుండానే మేడ మీద వేడినీళ్ల ట్యాంకు ఉన్న అల్మరాను కనిపెట్టి, ఆ వెచ్చదనానికి పులుస్తుందని తువ్వాళ్ల మధ్య ఇడ్లీ పిండి తపేలా పెట్టింది. శనివారం పొద్దున పొగలు కక్కే ఇడ్లీలూ, పల్లీ పచ్చడీ, నెయ్యి వేసిన కారప్పొడీ, నేను పొట్ట పగిలేలా తినేదాన్ని. కానీ నా స్కూల్ జంపర్, అదే ఉన్ని స్వెటర్, ఆరేదీ ఆ అల్మరాలోనే. ఓ గురువారం క్లాసులో పక్క పిల్ల నా వాసన చూసి ముక్కు మూసుకుంది. అందరూ నవ్వారు.

మర్నాడు అమ్మా నాన్నా ఆఫీసులకు వెళ్లాక, ఆ పిండి పులవకూడదని డయల్ పూర్తిగా సున్నాకి తిప్పేసి, వేడినీళ్ల స్విచ్ కూడా ఆపేసి స్కూలుకు పోయాను. తిరిగొచ్చేసరికి నాయనమ్మ చీర మీద నాన్న కోటు తొడుక్కుని, రెండు దుప్పట్లు కప్పుకుని వణుకుతోంది. దుప్పట్ల లోపల, ఒళ్లో, పిండి తపేలా.

"చల్లబడితే పొంగదే అమ్మడూ. రేపు నీకు ఇడ్లీలెయ్యొద్దూ?" అంది. పెదాలు నల్లబడిపోయాయి.

సాయంత్రం నాన్న నాయనమ్మను "డయల్ నువ్వు తిప్పావా అమ్మా?" అని అడిగారు. నాయనమ్మ ఒక్క క్షణం నా వంక చూసి, "చెయ్యి తగిలినట్టుందిరా" అంది. నాన్న డయల్ మీద తాళమున్న ప్లాస్టిక్ పెట్టె బిగించి, తాళంచెవి నాకిచ్చారు. ఆ తర్వాత ఆవిడ రోజూ "కాస్త వెచ్చగా పెడతావా అమ్మడూ?" అని నన్ను బతిమాలేది. నేను పెద్ద ఆరిందాలా "ఓకే, జస్ట్ వన్ అవర్" అనేదాన్ని. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడు మా ఇళ్లలో ఆ ట్యాంకులూ లేవు, ఆ అల్మరాలూ లేవు. రైల్లో కూర్చునే ఫోన్‌తో హీటింగ్ వేసుకుంటున్నాం. నాయనమ్మా లేదు. పోయినేడు ఆవిడ సంవత్సరీకం భోజనాల దగ్గర నాన్న, "మా అమ్మకి మెషీన్లు తెలీవండీ, ఓసారి డయల్ తిప్పేసి ఇల్లంతా ఫ్రిజ్ చేసేసింది" అని చెప్పి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. వచ్చినవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను.